మోదుగాకుల కింద పాదాలు

అక్క కాళ్ళ మీద పేరుకుపోయిన మోదుగాకుల కుప్పను పక్కకు జరిపినప్పుడు మాకు మొదట కనబడింది బురద. చీలమండల దాకా నల్లటి తడి బురద. అందులోంచి సన్నగా నెత్తురు కారుతున్నది. జలగలు ఆ తర్వాత కనబడ్డాయి.

అది మిట్టమధ్యాహ్నం. చంద్రగిరికి దగ్గరలో ఒక చిన్న గుట్ట మీద, ఉసిరిచెట్టు నీడన కూర్చుని ఉన్నాం. ఆ ఏడు తుపాను వానలు తప్పిపోయాయి. గుట్ట మీద చుక్క నీరు దొరకదని తెలిసి తాగే నీళ్ళు కింద నుంచే బిందెలతో మోసుకువెళ్ళాం. అక్కడి నేల ఎర్ర గరుసు. చేత్తో తీస్తే వేళ్ళ సందుల్లోంచి పొడిగా జారిపోయేది. అలాంటి చోట, అందరి మధ్యా కూర్చుని, ఒక్కసారి కూడా లేవకుండా ఆకులు గిల్లుతున్న మనిషి పాదాలవి.

నేను చూశాను. నాతోపాటు అక్కడున్నవాళ్ళంతా చూశారు. వాళ్ళలో ఇవాళ మిగిలింది మా అక్క, నేను.

పత్రికలకు వార్తలు రాసి బతికినవాణ్ణి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ దయ్యాల కథలు నా దగ్గరికి చాలా వచ్చాయి. చిత్తూరులో ఒక అద్దె ఇంట్లో గజ్జెల చప్పుడు వినబడుతున్నదని ఒకాయన వచ్చి పట్టుబట్టి తీసుకుపోయాడు. అటక ఎక్కి చూస్తే ఒక పందికొక్కు పాత గజ్జెల పట్టీని ఈడ్చుకుంటూ తిరుగుతున్నది. ఉన్నది ఉన్నట్టు రాశాను. ఇంటి యజమాని సంతోషించాడు. అద్దెకున్నాయన మాత్రం చాలాకాలం నాతో మాట్లాడలేదు. ఇలాంటివన్నీ చూసిన తర్వాత, మనిషి చచ్చిపోతే చచ్చిపోయినట్టేనని నాకు ఒక అభిప్రాయం స్థిరపడింది. అది ఇప్పటికీ మారలేదు. గుట్ట మీద జరిగినదాన్ని ఆ అభిప్రాయంలో ఎక్కడ ఇమడ్చాలో మాత్రం నాకు తెలియలేదు.

మొదటి నుంచి చెబుతాను.

మా అక్క పేరు అలివేలు. మాది చిత్తూరు. ఆమెను చంద్రగిరిలో చింతపండు మండీ ఉన్నవాళ్ళింటికి ఇచ్చారు. మామగారు రంగయ్య, అత్తగారు నాగమ్మ. వాళ్ళకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు చెంగల్రాయులు తండ్రితోపాటు మండీ చూసుకునేవాడు. చిన్నవాడు మునిరత్నం, మా బావ. ఆయనకు మండీలో కూర్చోవడం పడలేదు. పెళ్ళయిన కొన్నాళ్ళకే రంగూన్‌లో ఒక బియ్యం మిల్లులో గుమాస్తాగా చేరాడు. ఇల్లు చూసుకుని పిలిపించుకుంటానని అక్కకు చెప్పి ఓడ ఎక్కాడు.

ఆయన ఇల్లు చూసుకునేలోపే యుద్ధం అక్కడికి వచ్చింది. రంగూన్ మీద బాంబులు పడ్డాయి. ఓడల్లో చోటు దొరకనివాళ్ళంతా అడవుల వెంట, కొండల వెంట కాలినడకన మన దేశానికి బయలుదేరారని విన్నాం. వాళ్ళలో పుత్తూరు ఆయన ఒకడు, ఎముకల గూడులాగా తిరిగొచ్చి, కాస్త కోలుకున్నాక చంద్రగిరికి వచ్చి రంగయ్య మామను చూశాడు. తాను, మునిరత్నం కలిసి నడిచామని చెప్పాడు. దారంతా వాన, బురద. కొండల మధ్య ఒకచోట మునిరత్నానికి జ్వరం తగిలింది. చెట్టు మొదట్లో కూర్చుండిపోయాడు. "మీరు పోతా ఉండండి, నేను ఎనకనే వస్తా" అన్నాడట. వీళ్ళు ముందుకు సాగారు. ఆయన వెనక రావడం ఎవరూ చూడలేదు.

మాకు తెలిసింది అంతే. తర్వాత ఏ కబురూ లేదు.

అలా ఏడాది దాటిపోయింది. ఆ ఇంట్లో శుభం చేసే వీలు లేదు, అశుభం చేసే వీలూ లేదు. పోయినవాడి శవం దొరకనప్పుడు వాళ్ళ వంశంలో ఒక ఆచారం ఉంది. మోదుగాకుల కాడలను లెక్క ప్రకారం పేర్చి, మనిషి ఆకారం కట్టి, కొబ్బరికాయను తలగా పెట్టి, ఆ బొమ్మకు దహనం చేస్తారు. తర్వాత మామూలుగా కర్మ జరుగుతుంది. అలా చేయకపోతే పోయినవాడు దారిలోనే తిరుగుతుంటాడని నమ్మకం. వాళ్ళ శాస్త్రిగారు ఇక చేయడమే మంచిదన్నారు.

అది జరిగితే మా అక్క పరిస్థితి ఏమిటో అందరికీ తెలుసు. పదోనాడు తాళి, బొట్టు, గాజులు తీయిస్తారు. ఆ తర్వాత అదే ఇంట్లో వెనక గదిలో ఒక మనిషిగా మిగిలిపోవాలి. ఆమెకు అప్పటికి పాతికేళ్ళు కూడా నిండలేదు.

ఒకవేళ మునిరత్నం తిరిగొస్తే ఎట్లా అని నాగమ్మత్త అడిగింది. దానికీ ఆచారం ఉందట. దహనం జరిగినవాడు తిరిగొస్తే అప్పుడే పుట్టినట్టు లెక్క. మళ్ళీ పురుడు, మళ్ళీ నామకరణం, తన భార్యనే మళ్ళీ పెళ్ళి చేసుకోవాలి. రంగయ్య మామ అక్కను కూర్చోబెట్టుకుని ఇదంతా చెప్పాడు.

"వస్తే మళ్ళా పెండ్లి చేస్తాను మా. మొదటిదానికన్నా బాగా చేస్తాను. నాకేం బరువా?" అన్నాడు.

అక్క ఒక్కటే అడిగింది. "కార్తీకం పోనీండి మామా."

కార్తీకంలో దీపం పెట్టుకునేది భర్త కోసం. సరేనన్నారు.

ఆ నెల చివర్లో, ఏటా వెళ్ళినట్టే గుట్ట మీదికి వనభోజనానికి పోదామని రంగయ్య మామే అన్నాడు. ఈ స్థితిలో ఆయన ఆ మాట అనడం అందరికీ వింతగానే తోచింది. అక్క మనసు కాస్త తేలికపడుతుందనుకుని సంతోషించాం కూడా. నేను అప్పుడు చిత్తూరు నుంచి ఒక మద్రాసు పత్రికకు వార్తలు పంపుతుండేవాణ్ణి. అక్క రమ్మని చెప్పి పంపితే పాకాల మీదుగా రైలెక్కి చంద్రగిరి చేరాను.

పొద్దున్నే బయలుదేరాం. చలి గట్టిగానే ఉంది. మాట్లాడితే నోట్లోంచి ఆవిరి వస్తున్నది. ఆడవాళ్ళు తలల మీదుగా దుప్పట్లు కప్పుకున్నారు. గుట్ట ఏమంత ఎత్తు కాదు. కింద రేగుపొదలు, కొంచెం పైకి పోతే తుమ్మలు, బిల్లచెట్లు, నెత్తిన మోదుగులు. మోదుగులు ఎక్కువ గనుక ఊళ్ళో అందరూ దాన్ని మోదుగుల గుట్ట అనే పిలిచేవారు.

మాతో దొరస్వామి అనే మనిషి వచ్చాడు. బావకు చిన్ననాటి స్నేహితుడు. పటాలంలో గాయపడినవాళ్ళను మోసే పనిలో ఉన్నాడు. అస్సాం సరిహద్దులో మలేరియా తగిలితే సెలవిచ్చి పంపారు. ఒళ్ళు పచ్చబడి, చొక్కా వదులై ఉన్నా మనిషి నోరు మాత్రం తగ్గలేదు. చెంగల్రాయులు బావ భారీ మనిషి. సగం దూరం ఎక్కేసరికి రొప్పుతూ ఒక బండకు చేరబడ్డాడు.

"ముందే చెప్పుంటే మా పటాలం నుంచి స్ట్రెచరు తెచ్చేవాణ్ణి గదప్పా" అన్నాడు దొరస్వామి. "అయినా నిన్ను మోసేదానికి నలుగురు సాలరులే. ఏనుగును పిలిపించాల."

"నోరు మూస్కోని నడువురా. సెలవని వొచ్చినప్పట్నించీ మా ఇంట్లో దోసెలన్నీ నువ్వే తింటా ఉండావు. నన్నా లావనేది?"

"దొరసామీ, వాడి జోలికి పోబాకబ్బా" అని నాగమ్మత్త వెనక నుంచి అరిచింది. "వాడు ఆడ్నే కూలబడితే పులిహోర కుండ ఎవరు మోస్తారు?"

అక్క నవ్వింది. పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు గుర్తున్నంతలో ఆ తర్వాత చాలా ఏళ్ళ వరకూ ఆమె నవ్వలేదు.

పైన ఉసిరిచెట్టు కింద చాపలు పరిచాం. బియ్యం దొరకని రోజులు గనుక కొర్రన్నంతో పులిహోర చేసుకొచ్చారు. అలసంద వడలు, రోట్లో నూరిన ఊరిమిండి పచ్చడి, మజ్జిగ ఉన్నాయి. ఇస్తరాకులు మాత్రం ఇంటి నుంచి తీసుకురారు. అక్కడే కోసి, అక్కడే కుట్టి, వాటిలోనే తినాలి. అది వాళ్ళ పద్ధతి. మగవాళ్ళం మోదుగాకులు కోసుకొచ్చి కుప్పలు పోశాం. ఆడవాళ్ళు చీపురుపుల్లలతో కుట్టసాగారు. కాడ ఉంటే ఆకు చదునుగా పరుచుకోదు. అందుకని ముందు కాడను గిల్లేయాలి. ఆ పని అక్క తీసుకుంది. చెట్టు మొదలుకు ఆనుకుని, కాళ్ళు బారజాపి కూర్చుని గిల్లుతున్నది.

రంగయ్య మామ ఆమె పక్కన కూర్చున్నాడు. భుజం మీది ఉత్తరీయం పరిచి, అక్క గిల్లి పారేసిన కాడలను ఏరి అందులో వేసుకుంటున్నాడు. చివరలు సమం చేసి, వరసగా పేరుస్తున్నాడు. మండీలో చింతపండు తట్టలు సర్దే మనిషి గనుక అది ఆయనకు అలవాటై ఉంటుందనుకున్నాను. పొయ్యిలోకి పనికొస్తాయని ఏరుతున్నాడేమోనని కూడా అనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు.

మమ్మల్ని ఇంకా ఆకులు కోయమన్నాడు. మళ్ళీ కోసుకొచ్చాం. గిల్లిన ఆకులు అక్క మోకాళ్ళ దాకా పేరుకుపోయాయి.

"ఇన్నాకులెందుకు మామా? చంద్రగిరి అంతటికీ వడ్డిస్తారా ఏంది?" అంది అక్క.

"ఉండనీ మా. ఇంటికి పనికొస్తాయి. గిల్లు" అన్నాడు. ఆమె ముఖం చూడకుండా అన్నాడు.

ఎండ నడినెత్తికి వచ్చింది. నాగమ్మత్త వడ్డనకు లేచి అక్కను పిలిచింది. అక్క కదల్లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎటో చూస్తున్నది. మళ్ళీ పిలిస్తే నెమ్మదిగా, "కాళ్ళు తెలీడం లేదత్తా" అంది.

"తిమ్మిరెక్కింటాది. పొద్దున్నించి ఒకే పక్క కూసుంటివి. విదిలించుకోని లెయ్యి."

"తిమ్మిరి కాదు. సల్లగా ఉండాది. నీళ్ళల్లో పెట్టినట్టు."

ఆమెకు చేయి అందించి లేపుదామని నేను దగ్గరికి వెళ్ళాను. రెండు చేతులతో ఆకులను పక్కకు తోశాను.

బురద గురించి మొదటే చెప్పాను. ఆ పొద్దున బయలుదేరేముందు అక్క పాదాలకు పసుపు రాయించుకుంది. గడప దగ్గర నాగమ్మత్త తన చేతులతో రాయడం నేను చూశాను. ఇప్పుడు ఆ పసుపు జాడ లేదు. బురద కింద చర్మం తెల్లగా నాని, ముడతలు పడి ఉంది. అరికాళ్ళ దగ్గర పొరలు పొరలుగా లేచింది. బొటనవేళ్ళ గోళ్ళు నల్లబడ్డాయి. వేళ్ళ మధ్య, మడమల పక్కన, జలగలు. దారప్పోగుల్లా సన్నవి కొన్ని, తాగి ఉబ్బినవి కొన్ని.

ఎవరూ కేకలు వేయలేదు. ఇప్పటికీ నాకు అదే ఆశ్చర్యం. అందరం నిలబడి చూస్తున్నాం.

మజ్జిగలోకి తెచ్చిన ఉప్పు పొట్లం విప్పి దొరస్వామి ఆ కాళ్ళ మీద చల్లాడు. జలగలు ఒక్కొక్కటిగా ముడుచుకుని రాలాయి.

"ఇవి ఈడివి కావు" అన్నాడు. "మన ఎద్దులకు పట్టేవి చెరువుల్లో ఉంటాయి, లావుగా ఉంటాయి. ఇవి గడ్డి మిందికి ఎక్కి కాసుకోనుంటాయి. మా పటాలం పోయిన కొండల్లో సూసినాను. మా వాళ్ళ కాళ్ళు ఇట్లనే ఉండె. నెల్లనాళ్ళు నడిసినాక."



అప్పుడే రంగయ్య మామ హఠాత్తుగా లేచి నిలబడ్డాడు. ఉత్తరీయం జారి కాడలన్నీ అక్క చుట్టూ చెల్లాచెదురయ్యాయి. అక్క అప్పటిదాకా తన పాదాలనే చూస్తున్నది. ఇప్పుడు కాడలను చూసింది. ఒకటి చేతిలోకి తీసుకుంది.

"మామా, కాడలు ఎందుకు ఏరిపెట్టినారు?"

ఆయన చెప్పనవసరం లేకపోయింది. అందరికీ ఒకేసారి అర్థమైంది. ఇంత మోదుగ దగ్గరలో ఇంకెక్కడా లేదు. కాడల కోసమే గుట్ట ఎక్కుదామని పెద్దాయన అన్నాడు. అంతమంది చేత కోయించడానికి వనభోజనం ఒక సాకు. కానీ కాడలు గిల్లే పనిలో తన కోడలే కూర్చుంటుందని ఆయన ఊహించి ఉండడు. కూర్చున్నాక వద్దని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు.

నాగమ్మత్తకు కూడా అంతదాకా ఆ సంగతి తెలియదు. ఆమె గరిటె కింద పెట్టి మొగుడి దగ్గరికి వచ్చింది.

"ఏందయ్యా ఇది? వొనబోజనమని తోడుకోనొచ్చి, ఆ బిడ్డ మొగుడి బొమ్మకు ఆ బిడ్డ చేత్తోనే గిల్లిస్తివా?"

ఆయన తల దించుకుని నిలబడ్డాడు. అక్క ఆ కాడను తిరిగి నేల మీద పెట్టేసింది. ఏడవలేదు. ఆమె ముఖంలో ఏమీ లేదు. నాలోనూ ఏమీ లేదు. ఆ సమయానికి నాకు భయం కలిగిందని రాస్తే అబద్ధమవుతుంది. చెవుల్లో దూది కుక్కినట్టుగా ఉంది, అంతే.

అన్నం ఎవరూ తినలేదు. అక్క నిలబడలేకపోయింది. పంచెను వెదురుకు కట్టి డోలీలాగా చేశారు. ఒకవైపు దొరస్వామి, ఒకవైపు చెంగల్రాయులు బావ మోశారు. ఆ లావుపాటి మనిషి గుట్ట మీద నుంచి ఇంటిదాకా ఒక్కచోట కూడా దించలేదు. మేం మార్చుకుంటామంటే తల అడ్డంగా ఊపాడు.

మర్నాడు నేను మళ్ళీ గుట్ట ఎక్కాను. అది నా వృత్తి అలవాటు. అక్క కూర్చున్న చోట గునపంతో తవ్వి చూశాను. లోపల కూడా పొడి గరుసే. ఊట ఉందేమోనని చుట్టూ వెతికాను. లేదు. నల్లమట్టి ఆ గుట్ట మీద ఎక్కడా కనబడలేదు. మేం వదిలేసిన ఆకులు అక్కడే పడి ఉన్నాయి. ఒక్కొక్కటి తిప్పి చూశాను. ఒక్కదాని మీద కూడా తడి మరక లేదు. ఆకులతోపాటు జలగలు వచ్చి ఉండవచ్చునని ఎవరైనా అంటే, ఆ ఆకులు కోసింది మేమే, ఎండలో నిలబడ్డ చెట్ల నుంచి. పోనీ జలగలు వచ్చాయనే అనుకుందాం. గోళ్ళు అలా నల్లబడడానికి ఒక పూట చాలదు.

ఆస్పత్రిలో కట్టు కట్టిన డాక్టరు అక్కను ఒక్కటే ప్రశ్న అడిగాడు. "ఎన్నాళ్ళ నించి నీళ్ళల్లో నిలబడి పని చేస్తా ఉండావు మా?" ఏ చెరుకుతోటలోనో వరిమడిలోనో కూలికి పోయే మనిషనుకున్నాడు. మేం ఆయనకు ఏమీ చెప్పలేదు.

రాలిన జలగల్లో ఒకదాన్ని నేను ఖాళీ మందుసీసాలో వేసి తెచ్చాను. చిత్తూరులో నాకు తెలిసిన సైన్సు ఉపాధ్యాయుడికి చూపించాను. ఆయన దాన్ని తెల్లకాగితం మీద పరిచి చాలాసేపు చూశాడు. ఇది నీళ్ళలో ఉండే రకం కాదు, ఎప్పుడూ వాన కురిసే కొండల్లో నేల మీద తిరిగే రకం, మన వైపు తాను చూడలేదు అన్నాడు. ఎక్కడ దొరికిందని అడిగాడు. చంద్రగిరి దగ్గర అన్నాను. ఆయన నవ్వి సీసా నా చేతిలో పెట్టాడు.

పత్రికకు రాయలేదు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏమిటి అన్నంతవరకూ నా దగ్గర ఉంది. ఎలా అన్నది లేదు. అది లేకుండా పంపితే, నేనే సంపాదకుణ్ణయినా వేయను.

ఇంట్లో మాత్రం దాని గురించే మాటలు. అక్కకు అనుమానం లేదు. "ఆయన నడస్తా ఉండాడు" అనేది. "యాడో ఒకచోట నడస్తానే ఉండాడు. నాకు తెలవాలనే." ఆ మాట తప్ప వేరే మాట లేదు. రంగయ్య మామకూ అనుమానం లేదు. "దోవ దొరక్క తిరగతా ఉండాడు. దహనం చెయ్యమని అడగతా ఉండాడు. ఇంక ఆలస్యం చేస్తే పాపం మనదే" అనేవాడు. ఒకే పాదాలు చూసి మామా కోడళ్ళు రెండు మాటలు చెప్పారు. ఇద్దరూ గొంతు పెంచింది లేదు.

నేను ఇద్దరి మాటా పక్కన పెట్టి చూశాను. ఆ నడక జరిగి అప్పటికే రెండో చలికాలం. బతికినవాడైతే ఆ అడవి దారి ఎప్పుడో దాటేసి ఉండాలి. చనిపోయినవాడైతే పాదాలు నానవు, జలగలు పట్టవు. ఎటు చూసినా పొసగలేదు.

మార్గశిరంలో రోజు నిర్ణయించారు. కాడలు మళ్ళీ కావాలి. ఈసారి ఎవరినీ పిలవకుండా రంగయ్య మామ ఒక్కడే పొద్దున్నే గుట్టకు వెళ్ళాడు. ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. వెనక గదిలో అక్క కాళ్ళకు కట్లతో పడుకుని ఉంది. ఆయన ఎందుకు వెళ్ళాడో ఆమెకు తెలుసు. నాగమ్మత్త పొయ్యి వెలిగించలేదు.

ఎండ వాలకముందే ఆయన దిగి వచ్చాడు. భుజం మీద ఉత్తరీయం మడత విప్పలేదు. నేరుగా వెనక గది గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"మా, బొట్టు తియ్యొద్దు" అన్నాడు. "ఈ పని నా చేత కాదు."

అంతే. శాస్త్రిగారికి వద్దని కబురు పంపాడు. కోడలి మీద జాలి పడి మనసు మార్చుకున్నాడని ఊళ్ళో అనుకున్నారు. కావచ్చు. అయితే ఆయన జాలి పడే మనిషే కానీ మనసు మార్చుకునే మనిషి కాదు. పైగా దహనం చేయకపోతే కొడుకు దిక్కులేకుండా పోతాడని గట్టిగా నమ్మినవాడు. గుట్ట మీద ఏం జరిగిందని నాగమ్మత్త అడిగింది. చెంగల్రాయులు బావ అడిగాడు. నేను చాలాసార్లు అడిగాను. మనుషుల చేత మాట్లాడించడం నా పని. నాకు తెలిసిన పద్ధతులన్నీ వాడాను. ఆయన ఈ ఏడు చింత కాపు ఎలా ఉందో చెప్పేవాడు. మునుపటిలాగా ఉత్తరీయం వేసుకునేవాడు, మండీకి వెళ్ళేవాడు. గుట్ట వైపు మాత్రం ఇక పోలేదు. వాళ్ళింట్లో వనభోజనాలు ఆగిపోయాయి. స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత కొన్నాళ్ళకు చనిపోయాడు. చివరి రోజుల్లో కూడా చెప్పలేదు.

యుద్ధం ముగిశాక నేను వాకబు చేయగలిగినచోటల్లా చేశాను. కాందిశీకుల శిబిరాలు నడిపినవాళ్ళను అడిగాను. రంగూన్ నుంచి తిరిగొచ్చిన కుటుంబాలను తిరుపతిలో, పుత్తూరులో కలిశాను. మునిరత్నం అనే మనిషిని గుర్తుపట్టినవాళ్ళు దొరికారు. ఆ చెట్టు తర్వాత చూసినవాళ్ళు దొరకలేదు.

అక్క పాదాలు మానాయి. కొత్త గోళ్ళు వచ్చాయి. అరికాళ్ళలో స్పర్శ మాత్రం తిరిగి రాలేదు. ముల్లు గుచ్చుకున్నా, నిప్పు తగిలినా ఎవరో చూసి చెబితేగానీ తెలియదు. అలాగే ఇంటిల్లిపాదికీ వండింది, అత్తకు ముసలితనంలో సేవ చేసింది. బొట్టు తీయలేదు. ఊళ్ళో పేరంటానికి పిలిచేవాళ్ళు పిలిచారు, మానుకున్నవాళ్ళు మానుకున్నారు. కొందరిళ్ళలో పిలిచాక, ఆమె వచ్చి కూర్చున్నాక, పసుపు రాయడానికి సంకోచించారు. ఆమె లేచి వచ్చేసేది. ఆ సంగతి నాకు ఇతరులు చెబితే తెలిసింది.

ఆ రోజు ఏమనిపించిందని నేను అక్కను ఒక్కసారే అడిగాను. చాలా ఏళ్ళ తర్వాత. ఆమె చెనక్కాయలు ఒలుస్తున్నది.

"ఏమీ అనిపించలేదురా. కాళ్ళు నావి కాదనిపించింది. అంతే" అంది.

ఒలిచిన గింజలను చేటలో పోసుకుంది.

ఇప్పుడు ఆ ఇంటికి పెద్ద చెంగల్రాయులు బావ కొడుకు. మహాలయ అమావాస్యనాడు పెద్దలకు తర్పణం వదిలేది అతనే. తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు, అలా వరసగా అందరి పేర్లూ చెప్పి నీళ్ళు వదులుతాడు. చిన్నాన్న వంతు వచ్చేసరికి నువ్వులు కలిపిన నీళ్ళు దోసిట్లో పట్టుకుని ఆగుతాడు. తల తిప్పి వంటింటి వైపు చూస్తాడు. వాళ్ళ నాయన కూడా అలాగే ఆగేవాడట.

పోయిన మహాలయానికి నేను అక్కడే ఉన్నాను.

"చిన్నమ్మా, చిన్నాయన పేరు చెప్పేదా?" అని అడిగాడు.

బావ బతికి ఉంటే నాకంటే ముసలివాడై ఉండాలి.

"ఈ యేటికి వొద్దులే నాయనా" అంది అక్క లోపలి నుంచి.

శాస్త్రిగారు తర్వాతి పేరుకు వెళ్ళారు.